కాటా ఎవరిదో తేలాకే సరుకు అప్పజెబుదాం

ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, పామూరు వైపు పొదుపు సంఘాల అక్కలకు, చెల్లెళ్లకు,

నమస్కారం. మన చెక్క గరిటెల, పచ్చళ్ల ఆన్‌లైన్ ఆర్డర్లన్నీ ఒకే గోడౌన్ కంపెనీకి అప్పజెప్పాలా వద్దా అని వచ్చే శనివారం సమాఖ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నారు. మూడు కంపెనీల కాగితాలు వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి. ఆర్డరు తీసి, కట్టి, కొరియర్‌కి ఎక్కించడానికి ఒకరు 22 రూపాయలు అడిగారు, ఒకరు 18 అన్నారు, మూడో కంపెనీ 15కే చేస్తామంది. ఇక అక్కడి నుంచి గ్రూపులో మాటలన్నీ ఆ 15 చుట్టూనే తిరుగుతున్నాయి. "చవగ్గా వస్తుంటే ఇంకా ఆలోచన ఎందుకు" అని ముగ్గురు నలుగురు రాశారు. ఫోనులో చెబితే సగం మందికే చేరుతుంది, సమావేశంలో చెబితే టైము చాలదు. అందుకే అందరికీ కలిపి ఈ ఉత్తరం.

ఈ పని బయటివాళ్లకు ఇవ్వొద్దని నేను అనను. పగలంతా చెక్క చెక్కి, రాత్రి పదింటిదాకా అట్టపెట్టెలకు టేపు చుట్టి, పొద్దున్నే బస్సుకు సంచులు మోసే ఆడవాళ్లు మన సంఘాల్లో ఎందరున్నారో నాకు తెలుసు. దసరా నుంచి సంక్రాంతి దాకా ఆర్డర్లు వచ్చిపడితే చేతులు చాలవు. ఆ పని చేసిపెట్టే కంపెనీలు ఉండటం మంచిదే. వాళ్లను ఎంచుకునే తీరు గురించే నా బాధంతా.

రెండేళ్ల కిందట నేను ఒక గోడౌన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాను. పేరు ఇక్కడ రాయను. ఆర్డరు రేటు మిగతావాళ్ల కన్నా తక్కువని చూసి సంతకం పెట్టాను. మొదటి లోడులో 600 గరిటెల సెట్లు పంపాను. మా వరండాలో నేనూ మా వదినా కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టి మూటలు కట్టాం. లారీ చేరిన తొమ్మిదో రోజున వాళ్ల కంప్యూటర్‌లో 571 అని కనిపించింది. మిగతా 29 ఏవని అడిగితే, ఒప్పందం తొమ్మిదో పేజీ చూడమన్నారు. "గోడౌన్‌లో దిగిన తర్వాత మేము పెట్టే లెక్కే తుది లెక్క" అని రాసుంది. నేనే సంతకం పెట్టాను కదా, ఇక ఏం మాట్లాడను. ఆ 29 సెట్లు చెక్కినావిడకు నేను డబ్బు ముందే ఇచ్చేశాను. నష్టం మా ఇంటి మీదే పడింది. డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది ఒక్కటే. అన్ని సెట్లు యాడ పోయాయో ఇప్పటికీ నాకు తెలియదు. లారీలో పోయాయా, గోడౌన్‌లో వేరే అరలో పడ్డాయా, అసలు ఎవరూ లెక్కే పెట్టలేదా?

మన జిల్లాలో ధాన్యం అమ్మిన ఇంట పుట్టినవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. అది అందరికీ తెలుసు. అయినా తేమ ఉందనీ, తాలు ఉందనీ పుట్టి మీద ఇంకొన్ని కిలోలు లాగేస్తుంటే మా నాయన కళ్లంలో నిలబడి చూస్తూ ఉండిపోవడం నేను చిన్నప్పుడు చూశాను. పుట్టి ధర బాగానే పలికేది. పోయేదంతా కాటా దగ్గరే, తరుగు దగ్గరే పోయేది. గోడౌన్ కంపెనీల ఒప్పందంలోనూ అదే తరుగు ఉంటుంది. "ఏడాదికి ఇంత శాతం వరకు సరుకు తగ్గితే మా బాధ్యత లేదు" అనే వాక్యం వెతకండి. ఆ శాతం ఎంత, అది దేని మీద, నిల్వ ఉన్న సరుకు మీదా, ఏడాదంతా వచ్చిపోయిన మొత్తం సరుకు మీదా? మొత్తం మీద అయితే చిన్న శాతం కూడా పెద్ద మూటవుతుంది.

కాబట్టి 15 రూపాయల సంగతి తర్వాత చూద్దాం. లెక్క ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు, తేడా వస్తే ఎవరు కడతారు అన్నది ముందు అడుగుదాం. సరుకు దిగాక 48 గంటల్లో ఒక్కో శాల్తీ లెక్కపెట్టి, దిగుమతి చీటీ మనకు పంపాలి. దాన్ని వాళ్లు జీఆర్‌ఎన్ అంటారు. మూటలెన్నో రాసి "12 మూటలు అందినవి" అని చేతికిస్తే దాన్ని ఒప్పుకోవద్దు, మూటలో ఏమున్నాయో ఆ చీటీ చెప్పదు. మన మనిషి ఉండగా లెక్కపెట్టడమో, అది కుదరకపోతే మూట విప్పేటప్పుడు వీడియో తీసి పంపడమో ఉండాలి. మూడు నెలలకోసారి అరల్లో ఉన్నది లెక్కపెట్టి కంప్యూటర్‌లో ఉన్నదానితో సరిచూడాలి. తేడా వస్తే మనకు పడ్డ ఖర్చు మొత్తం వాళ్లు కట్టాలి. ఈ నాలుగింటికి ఒప్పుకున్న కంపెనీ 22 అడిగినా నాకు అది చవకే.

మన సరుకుకు ఇంకో చిక్కుంది. గోడౌన్‌లో సరుకు తీసే కుర్రవాళ్లు మన వంటింట్లో పెరిగినవాళ్లు కాకపోవచ్చు. అట్లకాడకూ తెడ్డుకూ, పప్పుగుత్తికీ మజ్జిగ కవ్వానికీ తేడా వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? నా ఆర్డర్లలో అట్లకాడ అడిగినావిడకు తెడ్డు పోయింది, అదీ ఒక్కసారి కాదు. ప్రతి శాల్తీకి బార్‌కోడు ఉంటేనే ఇది ఆగుతుంది. కానీ చెక్క మీద స్టిక్కరు అంటిస్తే జిగురు మరక పడుతుంది, కొన్నావిడ కడిగినా పోదు. నర్ది, బిక్కి చెక్క మీద ఆ మరక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దారంతో కట్టే చీటీ మీద బార్‌కోడు వేయించుకోవాలి. ఆ పని మన ఇంట్లోనే మూట కట్టేముందు చేసుకుంటే మేలు. వాళ్ల చేత చేయిస్తే శాల్తీకి ఇంతని వేరే బిల్లు వేస్తారు.

బిల్లు అంటే గుర్తొచ్చింది. ఆ 15 రూపాయలు మొత్తం బిల్లులో ఒక వరస మాత్రమే. సరుకు దింపినందుకు ఒక రేటు, అరలో ఉంచినందుకు నెలకు ఘనపు అడుగు లెక్కన ఒక రేటు, అట్టపెట్టెకు, లోపల పెట్టే కాగితానికి ఒక రేటు, వెనక్కి వచ్చినదాన్ని మళ్లీ అరలో పెట్టినందుకు ఇంకో రేటు ఉంటాయి. ఆర్డర్లు వచ్చినా రాకపోయినా నెలకు కనీసం ఇంత బిల్లు కట్టాలనే షరతు కూడా చాలాచోట్ల ఉంటుంది. గరిటెలు బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటాయి. అందుకే అర అద్దె మనకు పచ్చళ్లవాళ్ల కన్నా ఎక్కువ పడుతుంది. ఏడాదిలో మూడు నాలుగు నెలలే మన అమ్మకాలు జోరుగా ఉంటాయి కాబట్టి, కనీసపు బిల్లు షరతు ఉంటే మిగతా నెలల్లో వచ్చిందంతా దానికే పోతుంది.

కొరియర్ బరువు సంగతి మాత్రం అందరూ నిదానంగా చదవండి. కొరియర్‌వాళ్లు పెట్టెను కాటా మీద పెట్టి వచ్చిన బరువు ఒకటి చూస్తారు, పెట్టె కొలతల్ని బట్టి వచ్చే బరువు ఇంకొకటి చూస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చవేసి, 5000తో భాగిస్తే కొలత బరువు కిలోల్లో వస్తుంది. ఎక్కువమంది 5000 వాడతారు. కొందరు ఇంకా చిన్న సంఖ్యతో భాగిస్తారు, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. మన గరిటెల సెట్టు అసలు బరువు 600 గ్రాములు అనుకుందాం. 45, 15, 12 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 8100ని 5000తో భాగించాలి, 1.62 కిలోలు. అరకిలో మెట్ల లెక్కన 2 కిలోల రేటు పడుతుంది. ఆ సైజు పెట్టె అయిపోయిందని గోడౌన్ కుర్రవాడు చేతికందిన 50, 25, 20 పెట్టెలో అదే సెట్టు పెట్టాడనుకోండి, 5 కిలోలు. సరుకు మారలేదు, ఊరు మారలేదు, పెట్టె మారినందుకు కొరియర్ ఖర్చు రెట్టింపు దాటుతుంది. ఆ పెట్టెను ఎంచుకునే మనిషికి మన జేబుతో పనిలేదు. అందుకని మన సరుకుకు సరిపడే పెట్టెల సైజులు ఒప్పందంలోనే రాయించాలి. వేరే పెట్టె వాడితే పెరిగిన ఖర్చు వాళ్లదని కూడా అందులోనే రాయించాలి.

క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు మన దగ్గర ఎక్కువ. సరుకు ఇంటిదాకా పోయి, "ఇప్పుడు వద్దు" అంటే తిరిగొస్తుంది. ఉదాహరణకు పోవడానికి 80, రావడానికి 70, తీసి కట్టినందుకు 25 అనుకుంటే ఒక్క తిరుగుడు ఆర్డరుకు 175 రూపాయలు పోతాయి. సెట్టు మీద మనకు మిగిలేది 120 అయితే, అమ్ముడుపోయిన ఒకటిన్నర సెట్ల లాభం ఒక్క తిరుగుడుకే పోయినట్టు. ఏ కంపెనీ ఎంచుకున్నా ఇది ఉంటుంది. కాని సరుకు పంపేముందు ఫోను చేసి "అమ్మా, ఆర్డరు మీరే పెట్టారా" అని తెలుగులో అడిగే కంపెనీకీ, అడగని కంపెనీకీ మధ్య చాలా తేడా ఉంటుంది. ఆ ఫోను ఎవరు చేస్తారో అడగండి. వసూలైన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో, ఎన్ని రోజులకు మనకు చేరుతుందో కూడా అడగండి. వాళ్ల బిల్లు కోసుకుని మిగిలింది పంపే పద్ధతయితే నెలాఖరున ఏది ఎంతో తేల్చుకోవడం మహా కష్టం. వసూలు మొత్తం ముందు మన ఖాతాకు రావాలి, వాళ్ల బిల్లు విడిగా రావాలి.

గోడౌన్ యాడ ఉండాలి? ఒక కంపెనీది చెన్నై దగ్గర, ఒకటి విజయవాడ దగ్గర, మూడోది నెల్లూరులోనే. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే కదా, అక్కడి నుంచి బెంగళూరుకూ కోయంబత్తూరుకూ త్వరగా చేరుతుంది కదా అని నేనూ అనుకున్నాను. కానీ సరుకు వేరే రాష్ట్రంలో నిల్వ పెట్టి అమ్మాలంటే ఆ రాష్ట్రంలో మనం మళ్లీ జీఎస్టీ నమోదు చేయించుకోవాలి. మన సరుకు మన పేరుతోనే అక్కడికి పంపినా, ఒక్కటి అమ్ముడుపోకముందే, దాన్ని అమ్మకంగా చూసి పన్ను లెక్క కట్టాలి. ఆ పన్ను తర్వాత అమ్మకాల మీద కట్టే పన్నులో క్రెడిట్‌గా తగ్గుతుంది, కానీ ఈలోపు మన చేతి డబ్బు అందులో ఇరుక్కుంటుంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే లారీతో పాటు ఈ వే బిల్లు అనే రవాణా చీటీ కావాలి. అక్కడి రిటర్నులకు అకౌంటెంటు ఫీజు వేరే. విజయవాడైనా నెల్లూరైనా అయితే ఇప్పుడున్న నమోదులోనే ఆ గోడౌన్‌ను అదనపు వ్యాపార స్థలంగా చేరిస్తే సరిపోతుంది. ఈ ఒక్క కారణంతోనే చెన్నై కంపెనీని పక్కన పెట్టాలని నా అభిప్రాయం. ఏడాది గడిచి ఆర్డర్లు పెరిగాక చూసుకోవచ్చు.

దగ్గరైనా దూరమైనా నీళ్ల సంగతి మరవద్దు. మన పండగల అమ్మకాలూ, మన తుపానులూ ఒకే నెలల్లో వస్తాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు వైపు జాతీయ రహదారి తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు చెన్నైని ముంచింది. గోడౌన్ నేల రోడ్డు కన్నా ఎత్తుందా, సరుకు నేల మీద పెడతారా, చెక్క దిమ్మెల మీద పెడతారా అన్నది వెళ్లి కళ్లతో చూడాలి. తడిసిన గరిటెకు రెండు రోజుల్లో బూజు పడుతుంది. బీమా ఉందని వాళ్లు చెబుతారు. ఆ బీమా వాళ్ల కట్టడానికా, అందులో మన సరుకుకు కూడానా, వరద నష్టం అందులో చేరుతుందా అని పాలసీ కాగితం చూసి తెలుసుకోవాలి.

పచ్చళ్లు చేసే అక్కలకు రెండు మాటలు. తినే సరుకు నిల్వ చేసే గోడౌన్‌కు సొంతంగా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండాలి. మన లైసెన్సు మన వంటింటికే, వాళ్ల గోడౌన్‌కు పనికిరాదు. 14 అంకెల ఆ నంబరు అడిగి తీసుకోండి, అందులో నిల్వ పని రాసుందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో అమ్మిన ఆహారం కొన్నవాళ్లకు చేరేనాటికి గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతోంది. అంటే ముందు గడువు తీరే సీసా ముందు పోవాలి. ముందు వచ్చింది ముందు పంపుతామంటే చాలదు, తేదీ చూసి పంపే పద్ధతి వాళ్ల కంప్యూటర్‌లో ఉందో లేదో చూపించమనండి. రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద ఆవకాయ సీసాలు పెడితే మూతల్లోంచి నూనె కారుతుంది. నా అభిప్రాయం అడిగితే, పచ్చళ్లనూ గరిటెలనూ ఒకే గోడౌన్‌కు ఇవ్వాల్సిన పనే లేదు.

కొన్నవాళ్లకు పెట్టె మీద మన పేరే కనిపిస్తుంది. తెడ్డు విరిగొచ్చినా, సీసా పగిలినా తిట్టేది మననే. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. గోడౌన్‌వాళ్లు మనకు జవాబివ్వడానికే నాలుగు రోజులు తీసుకుంటే మనం 48 గంటల్లో ఎవరికేం చెప్పగలం? నా ఒప్పందంలో వాళ్ల జవాబుకు గడువే లేదు.

ఇక విడిపోయే సంగతి. కలిసేటప్పుడు దీన్ని ఎవరూ మాట్లాడరు. నేను మానేస్తానని చెప్పిన తర్వాత నా సరుకు నా ఇంటికి చేరడానికి ఏడు వారాలు పట్టింది. పాత బిల్లుల్లో నేను ఒప్పుకోని కొరియర్ తేడాలున్నాయి, అవి కట్టేదాకా ఇవ్వమన్నారు. ఆ ఏడు వారాల్లో సంక్రాంతి వచ్చి వెళ్లిపోయింది. ఆ తర్వాతే నేను చట్టం చదివాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఇట్లా అప్పగించిన సరుకు గురించి వేరే అధ్యాయమే ఉంది. మామూలు తెలివిగల మనిషి తన సొంత సరుకును ఎట్లా చూసుకుంటాడో అట్లా చూసుకోవాలని 151వ సెక్షను చెబుతుంది. గడువు అయిపోయాక అడక్కపోయినా తిరిగి ఇవ్వాలని 160వ సెక్షను చెబుతుంది. అయితే ఆ సరుకు మీద పడ్డ శ్రమకు డబ్బు రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాన్ని అట్టిపెట్టుకునే హక్కు 170వ సెక్షను ఇస్తుంది. అందుకే వేరే ఒప్పందం మనం ముందే రాయించాలి. నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో సరుకు తిరిగి రావాలి. గొడవ ఉన్న బిల్లుకు సరిపడా సరుకు మాత్రమే ఆపుకోవచ్చు, మిగతాది వదలాలి. నెల రోజుల నోటీసుతో మనం బయటికి రావచ్చు, మూడేళ్ల కట్టుబాటు వద్దు.

మన సంఘాల అమ్మకాలు చూస్తే ఒక అనుమానం కూడా ఉంది. రోజుకు పది ఆర్డర్లు దాటని సంఘాలకు అసలు ఈ ఒప్పందం అవసరమా? పోస్టాఫీసు స్పీడ్‌పోస్టు ఉంది, ఇద్దరు అమ్మాయిలకు జీతమిస్తే వింజమూరులో ఒక గది అద్దెకు తీసుకుని అందరివీ మనమే కట్టుకోవచ్చు. రోజుకు నలభై యాభై దాటే రెండు మూడు సంఘాలు మాత్రం గోడౌన్‌కు పోతే సరిపోతుందని నాకనిపిస్తోంది. ఇందులో నేను పొరబడి ఉండొచ్చు, సమావేశంలో మాట్లాడుకుందాం.

మన సంఘాలు ఎట్లా మొదలయ్యాయో పెద్దవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. 1992లో దూబగుంట రోశమ్మగారూ ఆ ఊరి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం తర్వాతే ఈ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. మా అమ్మ చేరిన సంఘంలో వారం వారం అందరి ముందూ డబ్బు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, రాసింది చదివి వినిపించేవాళ్లు. చదువురాని వాళ్లు కూడా వేలితో చూపించి "నా రూపాయి యాడ రాశావు" అని అడిగేవాళ్లు. ఒక్క రూపాయికి అంత పట్టుబట్టిన సంఘాలు, లారీ నిండా సరుకును ఎవరో పెట్టే లెక్కకు వదిలేయడం నాకు మింగుడుపడటం లేదు.

శనివారమే తీర్మానం చేయొద్దని నా విన్నపం. బదులుగా ముగ్గురిని ఎన్నుకుని నెల్లూరు, విజయవాడ గోడౌన్‌లు రెండింటికీ పంపుదాం. మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలి, ఆ రోజు ఆర్డర్లు కట్టే హడావిడి అప్పుడే ఉంటుంది. సరుకు దించే చోటు ముందు చూడాలి, ఆఫీసు గది తర్వాత. మనలాంటి చిన్న అంగళ్లవాళ్ల ఫోను నంబర్లు ముగ్గురివి అడిగి, కంపెనీవాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడాలి. ఒక్కో కంపెనీకి 50 సెట్లు చొప్పున లెక్కపెట్టి ఇచ్చి, మన చుట్టాల పేర్లతో హైదరాబాదుకూ, తిరుపతికీ, ఒంగోలుకూ ఇరవై ఆర్డర్లు పెడదాం. రెండు సెట్లు కావాలనే వెనక్కి పంపిద్దాం. నెల తర్వాత మిగిలినవి తెప్పించుకుని మళ్లీ లెక్కపెడదాం. ఆ సెట్ల ఖర్చు మొత్తం నేను పెట్టుకుంటాను.

నా పాత ఒప్పందం నకలు, తొమ్మిదో పేజీ మీద గీత గీసి, పదిహేను ప్రతులు తెస్తాను. మూడు కంపెనీల ఒప్పందం కాగితాలు పూర్తిగా ఎవరి దగ్గరున్నాయో వాళ్లు దయచేసి తీసుకురండి. గ్రూపులో తిరుగుతున్నవి రేట్ల పేజీలు మాత్రమే.

మీ చెల్లెలు,
వింజమూరు